చిన్నాయన కొడుకు క్యాన్సర్ మందుల కంపెనీ: ఆ ఐదు ఫోటోలు చూసి ఇరవై లక్షలు పెట్టొచ్చా?

తోతాపురి_తోట
మాది చిత్తూరు పక్కన పల్లె. మా చిన్నాయన కొడుకు బెంగళూరులో పీహెచ్‌డీ చేశాడు. నలుగురు స్నేహితులతో కలిసి క్యాన్సర్‌కి కార్-టి మందు తయారుచేసే కంపెనీ పెడుతున్నానని పోయిన ఆదివారం ఇంటికి వచ్చాడు. రోడ్డు పక్కన ఎకరన్నర అమ్మిన డబ్బు మా నాయన దగ్గర ఉన్న సంగతి వాడికి తెలుసు. ఇరవై లక్షలు అడుగుతున్నాడు.

ల్యాప్‌టాప్‌లో 22 స్లైడ్లు చూపించాడు. కణాలు, బాణం గుర్తులు, గ్రాఫులు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మా నాయన మాత్రం 'ఫౌండింగ్ టీమ్' అన్న పేజీ దగ్గర ఆపమన్నాడు. ఐదు ఫోటోలు, ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకాయన కింద 'చీఫ్ విజన్ ఆఫీసర్' అని ఉంటే, "ఈయన కంటి డాక్టరా?" అని అడిగాడు. మా తమ్ముడి మొహం మాడిపోయింది.

వాడు మోసం చేసే రకం కాదు. చిన్నప్పటి నుంచీ చదువులో వాడే ఫస్ట్. కానీ ఇలాంటి కంపెనీకి అసలు టీమ్‌లో ఎవరు ఉండాలి, ఎవరున్నారని చూసి నమ్మాలి? మందు సంగతి మాకు తెలియదు, కనీసం మనుషులనైనా చూసి తేల్చుకుందామని.

లీలామహల్_సెంటర్
ముందు ఆ ఎకరన్నర ఎంతకి పోయిందో చెప్పప్పా.

తోతాపురి_తోట
@లీలామహల్_సెంటర్ అది చెప్తే రేపు ఇంకో ఐదు కంపెనీలు ఇంటికి వస్తాయి సామీ.

రేణిగుంట_జంక్షన్
ఇందులో ఆలోచించేదేముంది? బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకోండి. క్యాన్సర్‌కి మందు కనిపెట్టేది అమెరికావాళ్ళు, మనోళ్ళు కాదు.

పిపెట్_పిల్ల
@రేణిగుంట_జంక్షన్ అన్నా, మీ వార్త పాతబడిపోయింది. నేను ఎస్వీయూలో ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు బెంగళూరులో సెల్ థెరపీ ల్యాబ్‌లో పనిచేస్తున్నా. కొంచెం పెద్దగానే రాస్తా, ఓపికుంటే చదవండి.

కార్-టి అంటే మాత్ర కాదు, సీసాలో సిద్ధంగా ఉండే సూది మందూ కాదు. పేషెంట్ రక్తాన్ని మెషీన్ గుండా తిప్పి అందులోంచి టి-కణాలను (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తీసుకుంటారు. ఒక వైరస్‌ని బండిలాగా వాడి ఆ కణాల్లోకి కొత్త జన్యువు ఎక్కిస్తారు. దాంతో ఆ కణాలు క్యాన్సర్ కణం మీదున్న గుర్తును పట్టుకోవడం నేర్చుకుంటాయి. వాటిని ల్యాబ్‌లో కోట్లలో పెంచి, ఐసులాగా గడ్డకట్టించి, మళ్ళీ అదే పేషెంట్‌కి ఎక్కిస్తారు. అంటే ఒక్కో పేషెంట్‌కి ఒక్కో బ్యాచ్. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. మేము బ్యాగు మీద లేబుల్ అంటించే ముందు ఇద్దరం నిలబడి పేరు, నంబరు పైకి చదువుతాం. ఒకరు చదివితే ఒకరు టిక్ పెట్టాలి. అంత భయం.

మన దేశంలో దీన్ని మొదట చేసి చూపించింది ఇమ్యునోయాక్ట్. 2018లో ఐఐటీ బాంబే నుంచి పుట్టిన కంపెనీ. ప్రొఫెసర్ రాహుల్ పుర్వార్, ఆయన ల్యాబ్‌లోనే పనిచేసిన అల్కా ద్వివేది, అథర్వ కరుల్కర్ లాంటివాళ్ళు ఒకవైపు. టాటా మెమోరియల్‌లో పేషెంట్లను చూసే డాక్టర్లు హస్ముఖ్ జైన్, గౌరవ్ నరులా ఇంకోవైపు. వాళ్ళ కార్-టి మందు నెక్స్‌కార్19 కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ముర్ము ప్రారంభించారు. అమెరికాలో ఇలాంటి చికిత్స మూడు, నాలుగు కోట్లు. ఇక్కడ 30 నుంచి 40 లక్షల దాకా. అదీ తక్కువేం కాదు, నాకు తెలుసు.

@తోతాపురి_తోట మీరు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. ల్యాబ్ మనిషి, ఆస్పత్రి మనిషి, ఇద్దరూ ఉండాలి. మీ ఐదు ఫోటోల్లో క్యాన్సర్ డాక్టర్ ఉన్నారా?

తోతాపురి_తోట
ఒకాయన ఉన్నాడు. 'క్లినికల్ అడ్వైజర్' అని రాసుంది. మిగతావాళ్ళు: మా తమ్ముడు, వాడి క్లాస్‌మేట్ ఒకమ్మాయి, ఎంబీఏ చేసినాయన (కంటి డాక్టర్ ఈయనే), ఒక ప్రొఫెసర్.

చార్టర్డ్_చిన్నబ్బ
అడ్వైజర్ ఫౌండర్ కాదు. పెళ్ళి పత్రికలో 'ఆశీస్సులతో' అని వేసే పేర్లు ఉంటాయే, అది అడ్వైజర్. పెళ్ళి ఖర్చు వాళ్ళు పెట్టరు.

పలమనేరు_పాలకోవా
@చార్టర్డ్_చిన్నబ్బ 😂😂 మా పెళ్ళి పత్రికలో అట్ట 14 పేర్లు వేశాం. ముగ్గురు వచ్చారు.

ఎన్నారై_సామి
క్యాన్సర్ కంపెనీ, ఫౌండింగ్ టీమ్ అంటే ఒక్కటే ఉదాహరణ: బయోఎన్‌టెక్. జర్మనీలో మైంజ్ అనే ఊరు. మొగుడూ పెళ్ళాం, ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ త్యురేజీ. ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరివీ టర్కీ మూలాలు. ఉగుర్ తండ్రి కొలోన్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కోవిడ్ టీకాతో పేరొచ్చింది గానీ 2008లో వాళ్ళు కంపెనీ పెట్టింది క్యాన్సర్ కోసం. పెళ్ళి చేసుకున్న రోజు కూడా మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళారు. టీమ్ అంటే అట్ట ఉండాల.

లీలామహల్_సెంటర్
నేను పెళ్ళిరోజు షాపు తెరిచినందుకు ఇప్పటికీ తిట్లు తింటున్నా. జర్మనీలో పుట్టాల్సింది.

పిపెట్_పిల్ల
@ఎన్నారై_సామి చిన్న సవరణ. ఫౌండర్లు ఇద్దరు కాదు, ముగ్గురు. క్రిస్టాఫ్ హూబర్ అని ఆస్ట్రియాకి చెందిన పెద్ద క్యాన్సర్ డాక్టర్ కూడా ఉన్నాడు. ఆయన్ని అందరూ మర్చిపోతారు. ఇంకో సంగతి, అది వాళ్ళకి మొదటి కంపెనీ కాదు. 2001లోనే గానిమెడ్ అని ఒకటి పెట్టారు, 2016లో జపాన్ కంపెనీ ఆస్టెల్లాస్ కొనుక్కుంది, ముందస్తుగానే 42.2 కోట్ల యూరోలు ఇచ్చి. ఆ గానిమెడ్‌లో మొదలైన కడుపు క్యాన్సర్ మందు జోల్బెటుక్సిమాబ్‌కి అనుమతి ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024లో. ముందు జపాన్, తర్వాత అమెరికా.

తోతాపురి_తోట
2001 నుంచి 2024 దాకానా? ఇరవై మూడేళ్ళు! మా నాయనకి ఇప్పుడు 66.

పలమనేరు_పాలకోవా
అంటు మామిడి నాటితే నాలుగైదేళ్ళకి కాపు వస్తుంది కదప్పా. డబ్బు పెట్టాలంటే తోటే నయం.

తోతాపురి_తోట
@పలమనేరు_పాలకోవా నువ్వు తోట పెట్టలేదని తెలుస్తోంది. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 అన్నారు. 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ మీద రెండు రాత్రులు పడుకున్నా. కాయ మెత్తబడే వాసన తెలిసిపోతుంది, కానీ లైను కదలదు. ఆ దెబ్బకే ఎకరన్నర అమ్మింది.

కాట్పాడి_ప్యాసింజర్
చాలా రోజుల నుంచి చదివి వెళ్ళిపోతున్నా, ఈరోజు రాయాలనిపించింది.

మా నాయనకి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. మొదట మా ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గడ్డని టీబీ అని మూడు నెలలు మాత్రలు మింగించారు. తర్వాత వేలూరు సీఎంసీకి తీసుకుపోయాం. చిత్తూరు వాళ్ళకి అది పక్క ఊరే కదా, పొద్దున ఐదింటికి వైరు బుట్టలో ఫైలు, ఇడ్లీ డబ్బా, దుప్పటి పెట్టుకుని బయల్దేరేవాళ్ళం. 21 రోజులకొకసారి, ఆరు సార్లు.

అందులో రిటుక్సిమాబ్ అని ఒక మందు. మొదటిసారి చాలా మెల్లగా ఎక్కిస్తారు. అరగంట కాగానే మా నాయనకి వణుకు మొదలైంది. మంచం ఇనుప కడ్డీ టకటకా కొట్టుకుంటా ఉంది. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి డ్రిప్ ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, నేను తెచ్చిన దుప్పటి కప్పి, గంట తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. "మొదటిసారి చాలామందికి ఇట్టనే ఉంటుంది, భయపడద్దు" అంది. ఆయన ఇప్పుడు బాగున్నాడు, పొద్దున్నే ఆవులకి మేత వేస్తాడు.

నేను చెప్పొచ్చేదేమంటే, ఆ మందు చవగ్గా దొరికింది కాబట్టి మేము ఆరు సార్లు పోగలిగాం. చవగ్గా చేసింది కొత్తగా కనిపెట్టినవాళ్ళు కాదు.

ఎన్నారై_సామి
@కాట్పాడి_ప్యాసింజర్ నిజం అన్నా. రిటుక్సిమాబ్‌కి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. దానికి సరిసమానమైన మందు ప్రపంచంలో మొదట తెచ్చింది మన డాక్టర్ రెడ్డీస్, 2007లో, రెడిటక్స్ అని.

రేణిగుంట_జంక్షన్
నేను చెప్పిందీ అదే కదా. మన బలం చవగ్గా తయారుచేయడం. నాట్కో చూడండి, నన్నపనేని వాళ్ళది. కాలేయ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ నెలకి రెండు లక్షల ఎనభై వేలు ఉండేది. 2012లో కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ వేరేవాళ్ళదైనా తయారుచేసుకోమని ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తెచ్చుకుని 8,880 కి ఇచ్చారు. అలాంటి కంపెనీ పెడతానంటే మీ తమ్ముడికి నేనే ఇస్తా. కొత్త మందు కనిపెడతానంటే మాత్రం దండం.

పిపెట్_పిల్ల
@రేణిగుంట_జంక్షన్ కానీ అన్నా, కార్-టి ని ఆ మందుల్లాగా కాపీ కొట్టలేం. ప్రతి పేషెంట్‌కి కొత్తగా తయారుచేయాల్సిందే. చవగ్గా చేయడమే ఇక్కడ కొత్త కనిపెట్టడం. ఇమ్యునోయాక్ట్ వాళ్ళు వైరస్ బయట కొనకుండా తామే తయారుచేసుకోవడం వల్ల ఖర్చు తగ్గింది. అంటే మీరు చెప్పే రెండూ ఒకటే.

రేణిగుంట_జంక్షన్
ఒకటే అయితే మంచిదే. కానీ ఫేజ్ 1 (మనుషుల మీద మొదటి దశ ప్రయోగం) లోకి పోయిన క్యాన్సర్ మందుల్లో పదింట ఒకటి కూడా బయటికి రాదు. కాదని చెప్పమ్మా.

పిపెట్_పిల్ల
కాదనను.

వార్డు_నర్సమ్మ
తిరుపతిలో ఆంకాలజీ వార్డులో పదేళ్ళుగా ఉన్నా. కార్-టి ఎక్కించిన తర్వాత ఏమవుతుందో ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా.

ఆ కణాలు పనిచేయడం మొదలుపెడితే ఒళ్ళు మండిపోతుంది. జ్వరం 103, 104. బీపీ పడిపోతుంది. కొందరికి మాట తడబడుతుంది, పేరు రాయమంటే చెయ్యి తిరగదు. అందుకే రోజూ ఒక కాగితం ఇచ్చి ఒక వాక్యం రాయిస్తారు. నిన్నటి అక్షరాలు, ఈరోజు అక్షరాలు పక్కపక్కన పెట్టి చూస్తారు.

2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నపిల్లకి మొదటిసారి ఇచ్చినప్పుడు చావు దాకా పోయింది. ఐఎల్-6 అనే పదార్థం రక్తంలో విపరీతంగా పెరిగిందని తేలింది. దాన్ని ఆపే మందు టోసిలిజుమాబ్ కీళ్ళవాతానిది. దాని గురించి కార్ల్ జూన్ అనే పరిశోధకుడికి ఎందుకు తెలుసంటే, ఆయన కూతురికి ఆ జబ్బు ఉంది కాబట్టి. ఆ మందు ఇచ్చారు, పిల్ల బతికింది, ఇప్పుడు పెద్దదైంది.

కాబట్టి మీ తమ్ముణ్ణి నేను అడిగేది ఒకటే. రాత్రి రెండింటికి పేషెంట్ బీపీ 70 కి పడిపోతే, ఆ ఐదు ఫోటోల్లో ఫోన్ ఎత్తేది ఎవరు?

లీలామహల్_సెంటర్
కంటి డాక్టర్ అయితే ఎత్తడు 🙏

ఎన్నారై_సామి
ఆ ఎంబీఏ ఆయన్ని అందరూ ఏడిపిస్తున్నారు గానీ, ఆయన కూడా కావాలబ్బా. 1976లో జెనెన్‌టెక్ పెట్టింది ఇద్దరు. హెర్బర్ట్ బోయర్ ప్రొఫెసర్, రాబర్ట్ స్వాన్సన్ అప్పటికి ఇంకా ముప్పై నిండని డబ్బు వ్యవహారాల మనిషి. చెరో 500 డాలర్లు వేసుకుని కంపెనీ రిజిస్టర్ చేశారు. రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ వచ్చింది ఆ కంపెనీ నుంచే, 1998లో. స్వాన్సన్ పోయి తలుపు కొట్టకపోతే బోయర్ క్లాసులు చెప్పుకుంటా ఉండేవాడు.

చార్టర్డ్_చిన్నబ్బ
అది 500 డాలర్లు వాళ్ళ సొంత జేబులోంచి. @తోతాపురి_తోట మీ తమ్ముడు, మిగతా నలుగురు సొంతంగా ఎంత పెట్టారు? ఇది మొదటి ప్రశ్న. ఇంకా:

పేటెంట్ ఎవరి పేరు మీద ఉంది? పీహెచ్‌డీలో చేసిన పని అయితే అది మామూలుగా సంస్థది, మీ తమ్ముడిది కాదు. లైసెన్స్ కాగితం ఉందా?

ఐదుగురిలో ఉద్యోగం మానేసి వచ్చినవాళ్ళు ఎందరు?

ఎవరైనా ఏడాదికే వెళ్ళిపోతే వాళ్ళ వాటా ఏమవుతుంది? నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికి వచ్చేలా రాసుకుంటారు. రాసుకోకపోతే అమెరికా వెళ్ళిపోయినాయన కూడా 20 శాతం యజమానే.

డైరెక్టర్లు ఎవరో కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఫోటోలో ఐదుగురు, కాగితంలో ఇద్దరు ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

పిపెట్_పిల్ల
దానికి తోడు, పేషెంట్ల మీద ప్రయోగం మొదలైందని ఎప్పుడైనా చెప్తే సీటీఆర్‌ఐ (ఇలాంటి ప్రయోగాలు నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్) లో నంబరు అడగండి. 2009 నుంచి మన దేశంలో ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎవరైనా చూసుకోవచ్చు, ఉచితం.

పలమనేరు_పాలకోవా
ఇంత మాట్లాడి ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎవరూ ఎత్తలేదు. మెథోట్రెక్సేట్ ఆయన ల్యాబ్‌దే. పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇప్పటికీ అదే వాడుతున్నారు.

వార్డు_నర్సమ్మ
అవును, మా వార్డులో ఆ పసుపు రంగు మందు చూడని రోజు ఉండదు.

రేణిగుంట_జంక్షన్
ఆయన కంపెనీ పెట్టలేదు, లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఉద్యోగం చేశాడు. జీతం వచ్చింది. అందుకే మందు వచ్చింది 😄

కాట్పాడి_ప్యాసింజర్
ఇవన్నీ బెంగళూరు, ముంబై ఎందుకు? మన దగ్గర లేవా? అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్, టీటీడీ కలిసి కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి స్వీకార్ ఉంది, 2022లో మొదలైంది. స్విమ్స్ ఉంది. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ (సైన్స్ పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. తిరుపతిలోనే పెట్టమనండి.

పిపెట్_పిల్ల
పద్మావతి మహిళా యూనివర్సిటీలో కొత్త కంపెనీలకి చోటిచ్చే బయోనెస్ట్ ఇంక్యుబేషన్ సెంటర్ కూడా ఉంది, మొదట్లో బెంచీ అద్దెకి అలాంటి చోటు చాలు. అసలు ఇరవై లక్షలు ఇంట్లోవాళ్ళని అడిగేకంటే బైరాక్‌లో (బయోటెక్ కంపెనీలకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) బిగ్ గ్రాంట్‌కి పెట్టుకోమనండి. 50 లక్షల దాకా ఇస్తారు, 18 నెలలకి. వాటా అడగరు. వాళ్ళు సైన్స్ చూసి అడిగే ప్రశ్నలు మనం అడగలేం. అక్కడ నెగ్గితే అదే మీకు సర్టిఫికెట్.

ఎన్నారై_సామి
ఈ సలహా బంగారం. ఇమ్యునోయాక్ట్‌లో కూడా మన హైదరాబాద్ లారస్ ల్యాబ్స్ 46 కోట్లు పెట్టి 26 శాతం పైచిలుకు వాటా తీసుకుంది 2021లో, అంటే పని కొంత నడిచాక. ఖాళీ స్లైడ్లు చూసి కాదు.

పలమనేరు_పాలకోవా
డబ్బు, డాక్టరు, పేరు మూడూ మొదటి రోజే ఉన్న టీమ్ కూడా ఒకటుంది. బెంగళూరులో ఇమ్యునీల్. బయోకాన్ కిరణ్ మజుందార్ షా, క్యాన్సర్ డాక్టర్ సిద్ధార్థ ముఖర్జీ, బయోటెక్ కంపెనీల్లో పెట్టుబడి పెట్టే కుష్ పర్మార్. వాళ్ళు కూడా సొంతంగా మొదటి నుంచి కనిపెడతామని కూర్చోలేదు, బార్సిలోనా ఆస్పత్రి నుంచి కార్-టి లైసెన్స్ తెచ్చుకుని 2025 జనవరిలో ఖార్టెమీ అని విడుదల చేశారు.

లీలామహల్_సెంటర్
పాలకోవా ఇంత చదువుకున్నదని నాకు తెలియదు.

పలమనేరు_పాలకోవా
కోవా తిరగేస్తా చదువుతుంటా అన్నా. గంటన్నర పడుతుంది ఒక పాకానికి.

తోతాపురి_తోట
మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా.

మీరు రాసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని తమ్ముణ్ణి తిరుపతిలో కలిశా. లీలామహల్ దగ్గర టీ అంగడి ముందు నిలబడి గంటన్నర మాట్లాడుకున్నాం. మొదట కోపం వచ్చింది వాడికి. "మీకెవరు నేర్పించారు ఇవన్నీ" అన్నాడు. నర్సమ్మగారి ప్రశ్న అడిగేసరికి చాలాసేపు మాట్లాడలేదు. టీ గ్లాసు మీద మీగడ కట్టింది.

తర్వాత చెప్పాడు. ఉద్యోగం మానేసింది వాడూ, ఆ క్లాస్‌మేట్ అమ్మాయీ ఇద్దరే. ఎంబీఏ ఆయన శని, ఆదివారాలు. ప్రొఫెసర్ ల్యాబ్ వాడుకోనిస్తానన్నాడు, పేటెంట్ సంగతి ఇంకా తేలలేదు. డాక్టర్‌ని రెండుసార్లు కలిశాడు, అంతే. సొంతంగా వాడు నాలుగు లక్షలు పెట్టాడు, ఆ అమ్మాయి గాజులు తాకట్టు పెట్టి రెండు. అది విన్నాక నాకు వాడి మీద కోపం పోయింది.

బిగ్ గ్రాంట్‌కి దరఖాస్తు రాస్తున్నారు ఇద్దరూ. ఆ పేజీలో ఫోటోలు ఐదు నుంచి రెండు చేశాడు. చేతులు కట్టుకునే ఉన్నారు, అది మాత్రం మారలేదు.

మా నాయన ఇరవై ఇవ్వలేదు. మూడు లక్షలు ఇచ్చాడు. "వాటా గీటా వద్దు, మందు వచ్చినా రాకపోయినా నువ్వు ఉద్యోగంలో చేరినాక నెమ్మదిగా ఇవ్వు" అన్నాడు. చిన్నాయన మొదట అలిగాడు, పండక్కి వచ్చి మామూలుగానే తిని పోయాడు.

వార్డు_నర్సమ్మ
ఆ అమ్మాయిని ఒకసారి మా వార్డుకి రమ్మనండి. నా డ్యూటీ ఉన్నప్పుడు.

రేణిగుంట_జంక్షన్
మూడు లక్షలూ పోయాయనే అనుకోండి. కానీ మీ నాయన మంచోడు.

చార్టర్డ్_చిన్నబ్బ
ప్రామిసరీ నోటు రాయించారా?

తోతాపురి_తోట
తమ్ముడి కొడుకు దగ్గర నోటు రాయించుకుంటారా అన్నా!

చార్టర్డ్_చిన్నబ్బ
రాయించలేదన్నమాట.

లీలామహల్_సెంటర్
టీ అంగడి ముందు గంటన్నర నిలబడ్డారు, ఎదురుగా నా షాపు. ఒక్క మాట చెప్తే నేనూ వచ్చి కంటి డాక్టర్ గురించి అడిగుండేవాణ్ణి కదప్పా.